పిల్లల బీఎంఐ: బడి హెల్త్ కార్డు చూశాక తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

బడిలో హెల్త్ చెకప్ జరిగిన వారంలో ఇవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తుంటాయి. ఆమదాలవలసలో అడిగినా, చీపురుపల్లిలో అడిగినా, పలాసలో అడిగినా మాటలు దాదాపు ఒకటే. కార్డు మీద ఒక అంకె ఉంటుంది. ఒక్కోసారి దాని చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి ఉంటుంది. అది మంచిదో చెడ్డదో అడుగుదామంటే చెప్పేవాళ్లు అప్పటికే వేరే బడికి వెళ్లిపోయి ఉంటారు. ఆ రాత్రి ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది.

ఏ ప్రశ్న దగ్గర తెరిచినా అర్థమయ్యేలా ఏ జవాబుకు ఆ జవాబు విడిగా రాశాను. ముందుగా చెప్పాల్సింది ఒక్కటే. పిల్లల విషయంలో బీఎంఐ అంకె ఒంటరిగా ఏమీ చెప్పదు. వయసు ఎంత, ఆడపిల్లా మగపిల్లాడా, కిందటిసారి ఎంత వచ్చింది అన్నవి పక్కన పెట్టుకుని చూస్తేనే దానికి అర్థం.

## కార్డు చేతికి వచ్చినప్పుడు

బీఎంఐ అంటే ఏమిటి? మేమే లెక్క కట్టుకోవచ్చా?

కట్టుకోవచ్చు. బీఎంఐ అంటే ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చూసే లెక్క. ఎత్తును మీటర్లలోకి మార్చి, దాన్ని దానితోనే గుణించండి. వచ్చినదానితో కిలోల్లో ఉన్న బరువును భాగించండి. ఏడో తరగతి చదివే పన్నెండేళ్ల పాప ఎత్తు 148 సెంటీమీటర్లు, బరువు 41 కిలోలు అనుకుందాం. 1.48ని 1.48తో గుణిస్తే 2.19. 41ని 2.19తో భాగిస్తే 18.7. ఆ పాప బీఎంఐ అదే. పన్నెండేళ్ల ఆడపిల్లల చార్టులో మధ్య గీత (సగం మంది దానికి కింద, సగం మంది పైన ఉండేది) 18 దగ్గర ఉంటుంది కాబట్టి ఈ పాప బరువు గురించి దిగులు అక్కర్లేదు.

ఈ లెక్కను 1830ల్లో బెల్జియంకు చెందిన అడాల్ఫ్ కెట్లే కనిపెట్టాడు. ఆయన గణితం, ఖగోళం చదువుకున్నవాడు, వైద్యుడు కాదు. జనంలో సగటు మనిషి ఎలా ఉంటాడో చూడాలన్నది ఆయన ప్రయత్నం. దానికి బాడీ మాస్ ఇండెక్స్ అన్న పేరు 1972లో అమెరికా శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్ వల్ల వచ్చింది. గుంపును అంచనా వేయడానికి పుట్టిన లెక్క ఇది. మీ ఒక్క బిడ్డ ఆరోగ్యం మీద తీర్పు చెప్పే శక్తి దానికి లేదు. ఎవరిని ఇంకాస్త జాగ్రత్తగా చూడాలో మాత్రం చెబుతుంది.

మా గుంటడికి 18 వచ్చింది. ఫోన్‌లో చూస్తే తక్కువ బరువు అంటోంది. ఇదేటి, నిజమేనా?

ఫోన్‌లో మీరు చూసింది పెద్దవాళ్ల లెక్క. పెద్దవాళ్లకు 18.5 కంటే తక్కువ ఉంటే తక్కువ బరువు అంటారు. ఆ గీత పిల్లలకు పనికిరాదు.

అదే 18ని ముగ్గురు మగపిల్లల మీద పెట్టి చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చార్టు ప్రకారం ఆరేళ్ల బాబుకు 16.8 దాటితే అధిక బరువు, 18.5 దాటితే ఊబకాయం. అంటే ఆరేళ్లవాడికి 18 వస్తే అధిక బరువు కింద లెక్క. పదేళ్లవాడికి అధిక బరువు గీత 18.5 దగ్గర ఉంటుంది కాబట్టి 18 వచ్చినా సరిపోయిన బరువే, కాకపోతే పై అంచున ఉన్నాడు. పదహారేళ్ల కుర్రాడికి మధ్య గీత 20.5. వాడు 18 ఉంటే కొంచెం సన్నం, అంతే. అంకె ఒకటే, అర్థాలు మూడు.

అందుకే వయసు, ఆడా మగా అడగకుండా అంకె చెప్పే ఏ యాప్‌నైనా పిల్లల కోసం వాడొద్దు.

పెద్దవాళ్లకు ఒకే గీత ఉన్నప్పుడు పిల్లలకు వయసుకో గీత ఎందుకు?

ఎదిగే ఒంట్లో కొవ్వు ఒకేలా ఉండదు కాబట్టి. పుట్టాక మొదటి ఏడాది బీఎంఐ పెరుగుతుంది. బుగ్గలు, తొడలు నిండుగా ఉండే వయసు అది. నడక వచ్చాక తగ్గడం మొదలై అయిదారేళ్ల దగ్గర అన్నిటికంటే తక్కువకు వస్తుంది. యూకేజీ, ఒకటో తరగతి పిల్లల్ని చూసి "ఎముకలు లెక్కపెట్టొచ్చు" అని ఇంట్లో వాళ్లు బాధపడేది ఈ రోజుల్లోనే. చాలామంది విషయంలో అది మామూలు ఎదుగుదలే. ఆ తర్వాత మళ్లీ పెరుగుతూ పోతుంది. ఆ పెరుగుదల అయిదేళ్లు నిండకముందే మొదలైన పిల్లలు పెద్దయ్యాక అధిక బరువు వైపు వెళ్లే అవకాశం ఎక్కువ. ఆడపిల్లలు, మగపిల్లలు ఎదిగే వేళలు వేరు కాబట్టి చార్టులూ వేరు.

పర్సంటైల్ అంటే మార్కుల్లాంటిదా? 90 వస్తే మంచిదా?

మార్కులు కాదు, ఎక్కువ వస్తే గొప్పా కాదు. ప్రార్థన వేళ ఒకే వయసున్న వందమంది ఆడపిల్లల్ని బీఎంఐ తక్కువ నుంచి ఎక్కువకు వరుసలో నిలబెట్టారనుకోండి. మీ పాప 60వ పర్సంటైల్ అంటే ఆమె కంటే తక్కువ బీఎంఐ ఉన్నవాళ్లు దాదాపు అరవైమంది. అమెరికా చార్టులో 5 నుంచి 85 లోపు ఎక్కడున్నా ఆరోగ్యకరమైన బరువే. 85 నుంచి 95 లోపు అధిక బరువు, 95 దాటితే ఊబకాయం అంటారు. 50లోనే ఉండాలని ఏమీ లేదు. ఏటా 30 దగ్గరే నడిచే పాప హాయిగా ఉన్నట్టే. ఏడాదిలో 30 నుంచి 80కి ఎక్కిన పాప ఇంకా గీత దాటకపోయినా కారణం వెతకాలి.

బడి కార్డులో నార్మల్ అన్నారు, పిల్లల డాక్టర్ అధిక బరువు అన్నారు. ఎవరిది నిజం?

ఇద్దరూ వేర్వేరు చార్టులు చూసి ఉండొచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు అయిదేళ్ల లోపు పిల్లల కోసం 2006లో వచ్చిన చార్టు, 5 నుంచి 19 ఏళ్ల వారికి 2007లో వచ్చిన చార్టు ఉన్నాయి. మన దేశంలో పిల్లల డాక్టర్ల సంఘం 2015లో 5 నుంచి 18 ఏళ్ల భారతీయ పిల్లల కోసం చార్టులు సవరించింది. చాలా క్లినిక్‌లలో గోడకు ఉండేది ఇదే.

తేడా ఎక్కడంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ అధిక బరువు గీత పెద్దవాళ్ల 25తో కలిసేలా ఉంటుంది. మన చార్టులో అది పెద్దవాళ్ల 23తో కలుస్తుంది. ఊబకాయానిది 27తో. మనవాళ్లకు అదే బీఎంఐ దగ్గర ఒంట్లో, ముఖ్యంగా పొట్ట చుట్టూ, కొవ్వు ఎక్కువగా చేరుతుంది. షుగర్ కూడా తక్కువ బరువు దగ్గరే వస్తుంది. గీతను కిందకి దించడానికి కారణం అదే. నన్నడిగితే మన పిల్లలకు మన చార్టే వాడటం మేలు. ఏది వాడినా ప్రతిసారీ అదే వాడండి. చార్టు మారితే బిడ్డ మారినట్టు కనిపిస్తుంది.

## కొలిచేటప్పుడు

ఇంట్లో ఎత్తు సరిగ్గా ఎలా కొలవాలి?

బీఎంఐలో పొరపాట్లు ఎక్కువగా ఎత్తు దగ్గరే జరుగుతాయి, ఎందుకంటే లెక్కలో ఎత్తు రెండుసార్లు వస్తుంది. కాస్త ఓపికగా చేయండి.

నేల చదునుగా ఉండి, గోడ అడుగున బయటికి పొడుచుకొచ్చిన టైల్స్ పట్టీ లేని చోటు చూడండి. తలుపు చట్రం చాలా ఇళ్లలో పనికొస్తుంది. చెప్పులు, బూట్లు, మేజోళ్లు తీయించండి. ఆడపిల్లల జడలు విప్పించండి. బడి కోసం మడిచి రిబ్బన్ కట్టిన రెండు జడలు నడినెత్తికి దగ్గరగా ఉంటే ఒకటి రెండు సెంటీమీటర్లు ఊరికే కలుస్తాయి. మడమలు, పిరుదులు, భుజాలు గోడకు ఆనాలి. మోకాళ్లు వంగకూడదు. గడ్డం పైకెత్తకుండా ఎదుటి గోడకేసి తిన్నగా చూడమనండి. చాలామంది పిల్లలు ఇక్కడే ఇంకొంచెం పొడుగు కనిపించాలని మునివేళ్ల మీద లేస్తారు. కాబట్టి ఒకరు మడమలు చూస్తుంటే ఇంకొకరు తల దగ్గర ఉండాలి.

ఇప్పుడు గట్టి అట్ట ఉన్న పుస్తకం తీసుకుని, దాని అంచు గోడకు తిన్నగా ఆనేలా పెట్టి, జుట్టు అణిగేదాకా నెత్తి మీదకి దించండి. పుస్తకం అడుగు గోడను తాకిన చోట పెన్సిల్‌తో గీయండి. పిల్లని పక్కకి రమ్మని, నేల నుంచి ఆ గీత దాకా ఇనుప టేపుతో కొలవండి. దర్జీ టేపు సాగుతుంది, వద్దు. మళ్లీ ఒకసారి మొదటి నుంచి కొలవండి. రెండింటికీ అర సెంటీమీటరు కంటే ఎక్కువ తేడా వస్తే మూడోసారి చూడండి.

బడి కొలతకీ ఇంటి కొలతకీ తేడా ఉంటే బీఎంఐ అంత మారిపోతుందా?

మారుతుంది. 148 సెంటీమీటర్లు, 41 కిలోలు ఉన్న పాప బీఎంఐ 18.7. వరుసలో తోపులాట మధ్య కాస్త వంగి నిలబడినందుకు ఎత్తు 145 అని రాశారనుకోండి, బూట్లూ యూనిఫామూ కలిసి బరువు 42.5 అయిందనుకోండి. అప్పుడు వచ్చేది 20.2. ఆ పాప ఒంట్లో ఏమీ మారకుండానే అంకె ఒకటిన్నర పెరిగింది. ఒక్క కొలత చూసి మందులకో, డైటింగ్‌కో పరిగెత్తకండి. ఇంట్లోనో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ)లోనో మళ్లీ కొలిపించాకే ఆలోచించండి.

బరువు ఎక్కడ, ఎప్పుడు చూడాలి?

పొద్దున్నే టిఫిన్ తినకముందు, ఒంటికి, రెంటికి వెళ్లొచ్చాక, పలచని బట్టల మీద. డిజిటల్ మెషీన్‌ను చాప మీద, పరుపు మీద పెట్టకూడదు, గచ్చు మీదే పెట్టాలి. రోజూ చూడనివ్వద్దు. బరువు నీళ్లతోనే అరకిలో అటూ ఇటూ అవుతుంది, అది చూసి పిల్లలు బెంగపెట్టుకుంటారు.

బడిలో వేయించిన పుట్టిన తేదీ వేరు, అసలు తేదీ వేరు. ఏది చెప్పాలి?

అసలుది. మన ఊళ్లలో చాలామంది పిల్లలకు బడి రికార్డులో జూన్ నెల తేదీ ఉంటుంది. ఒకటో తరగతిలో చేర్చడానికి వయసు ఏడాది ముందుకి జరిపినవాళ్లూ ఉన్నారు. కార్డులో లెక్క ఆ రికార్డు తేదీతోనే వేస్తారు. నిజంగా తొమ్మిదేళ్లున్న బాబుకి బీఎంఐ 21 వస్తే ప్రపంచ ఆరోగ్య సంస్థ చార్టులో అది ఊబకాయం గీత దాటినట్టు. అదే బాబును పదేళ్లవాడిగా చూస్తే అధిక బరువు దగ్గరే ఆగినట్టు కనిపిస్తాడు. డాక్టర్ దగ్గర అసలు తేదీ చెప్పడానికి మొహమాటపడొద్దు, దానివల్ల బడి రికార్డుకేమీ కాదు.

మా బాబు తిన్నగా నిలబడలేడు. వాడికెలా?

వెన్ను వంగినా, కాళ్లు చాపలేకపోయినా మామూలు ఎత్తు పనికిరాదు. రెండు చేతులు బారచాపిన పొడవు, లేదా మోకాలి కింది ఎముక పొడవు కొలిచి ఎత్తును అంచనా వేస్తారు. ఇది ఫిజియోథెరపిస్టు గానీ పిల్లల డాక్టర్ గానీ చేయాల్సిన పని.

## అయిదేళ్ల లోపు పిల్లలు

అంగన్‌వాడీలో బీఎంఐ మాట ఎత్తరు. జబ్బ చుట్టూ పట్టీ వేసి చూస్తారు. అది చాలా?

ఆ వయసుకు అదే సరైన పద్ధతి. అంగన్‌వాడీలో వయసుకు తగ్గ బరువు, వయసుకు తగ్గ ఎత్తు, ఎత్తుకు తగ్గ బరువు చూస్తారు. రెండేళ్ల లోపు పిల్లల్ని పడుకోబెట్టి పొడవు కొలుస్తారు, ఆ తర్వాత నిలబెట్టి ఎత్తు కొలుస్తారు. జబ్బ పట్టీ ఆరు నెలల నుంచి అయిదేళ్ల దాకా వాడతారు. 12.5 సెంటీమీటర్లు, ఆపైన ఉంటే భయం లేదు. 11.5 నుంచి 12.5 లోపు ఉంటే ఒక మోస్తరు పోషణ లోపం ఉన్నట్టు. 11.5 కంటే తగ్గితే తీవ్రమైన లోపం, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. రెండు పాదాలూ వాచి, వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉంటే పట్టీలో ఎంత వచ్చినా ఆగకండి.

బిడ్డ బొద్దుగా ఉంటేనే ఆరోగ్యం అని మా అత్తగారు అంటారు. నిజమే కదా?

తిండికి కటకటలాడిన రోజులు, పసిపిల్లలు విరేచనాలతో చిక్కి చనిపోయిన రోజులు చూసిన పెద్దవాళ్ల మాట అది. వాళ్లకు బొద్దుతనం భరోసా. ఆ భయాన్ని గౌరవించండి. మొదటి ఏడాది తల్లిపాల మీద నిండుగా ఉన్న బిడ్డను తగ్గించే పని ఎవరూ చేయకూడదు కూడా. కానీ మూడు నాలుగేళ్లు వచ్చాక కూడా బరువు గీత పైపైకే పోతుంటే, పాలలో పంచదార, బిస్కెట్లు, ఫోన్ చూపిస్తూ కుక్కి పెట్టే ముద్దలు తగ్గించాలి. అత్తగారితో వాదించే బదులు ఈసారి అంగన్‌వాడీకి ఆవిడనే తోడు తీసుకెళ్లండి. చార్టు మీద చుక్క పెట్టి టీచరమ్మ చెబితే వింటారు.

## అంకె ఎక్కువ వచ్చినప్పుడు

రాత్రి అన్నం మానిపించేస్తే సరిపోతుందా?

వద్దు. ఎదిగే పిల్లల్ని పస్తు పెట్టకూడదు. చాలామంది పిల్లలకు బరువు తగ్గించాల్సిన పని కూడా లేదు, ఉన్నచోట నిలబెడితే చాలు, ఎత్తు తన పని తాను చేస్తుంది. పదేళ్ల బాబు 138 సెంటీమీటర్లు, 40 కిలోలు ఉంటే బీఎంఐ 21. ఏడాదికి 144 సెంటీమీటర్లు అయ్యాడు, బరువు 40లోనే ఉంది. అప్పుడు బీఎంఐ 19.3. ప్రపంచ ఆరోగ్య సంస్థ చార్టులో ఊబకాయం గీత అంచున ఉన్నవాడు పదకొండేళ్లకు అధిక బరువు గీత దగ్గరికి దిగాడు. ఒక్క కిలో కూడా తగ్గలేదు. టీనేజ్ చివరికి వచ్చి ఎత్తు ఆగిపోయినవాళ్లకు, బరువు మరీ ఎక్కువైనవాళ్లకు మాత్రం నిజంగా తగ్గించాలి. అది డాక్టర్ చూస్తుండగా జరగాలి.

మరి ఇంట్లో ఏం మార్చాలి?

ఇంటిల్లిపాదీ మారాలి. ఒక్కడి కంచంలో తగ్గించి, పక్కన చెల్లికి స్వీటు పెడితే వాడు దాన్ని శిక్ష అనుకుంటాడు, దొంగచాటుగా తింటాడు.

మొదట తాగేవి చూడండి. కూల్‌డ్రింకు, ప్యాకెట్ జ్యూస్, రెండేసి చెంచాల పంచదార వేసిన పాలు. ఇవి ఆపితే చాలా ఇళ్లలో సగం పని అయిపోతుంది. తర్వాత సాయంత్రం. బడి వదిలాక ట్యూషన్‌కు వెళ్లే దారిలో బండి మీద పునుగులు, బేకరీలో పఫ్, ఇంటికొచ్చాక మళ్లీ భోజనం. బడి నుంచి రాగానే ఉడికించిన శనగలో, వేరుశనగలో, గుడ్డో, పండో పెడితే బండి దగ్గర ఆగే ఆకలి ఉండదు.

కంచంలో అన్నం మానక్కర్లేదు. ఇప్పుడున్న అన్నం కొండను కాస్త తగ్గించి పప్పు, కూర, ఆకుకూర పెంచండి. మనకు చోడి (రాగి) అంబలి, గంటి (సజ్జ) అన్నం, ఉలవలు ఉండనే ఉన్నాయి. సముద్రం పక్క ఊళ్లలో నెత్తళ్లు దొరుకుతాయి. ముల్లుతో సహా తినే చిన్న చేప కాబట్టి మాంసకృత్తులతో పాటు కాల్షియమూ వస్తుంది. పులుసు పెట్టండి, నూనెలో వేపకండి. చోడిపిండి మంచిదే గానీ బెల్లం గుమ్మరించి జావ చేస్తే లాభం పోతుంది. మామిడి తాండ్ర పండుతో చేసిందే అయినా తీపి బాగా చిక్కబడి ఉంటుంది, చిన్న ముక్క చాలు.

ఆట రోజుకు గంట. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది అదే, ఊపిరి వేగం పెరిగే ఆట. నిద్ర చిన్నవాళ్లకు తొమ్మిది గంటలకు, టీనేజ్ వాళ్లకు ఎనిమిది గంటలకు తగ్గకూడదు. నిద్ర తగ్గితే మర్నాడు ఆకలి పెరుగుతుంది.

థైరాయిడ్ ఏమోనని భయంగా ఉంది. పరీక్ష చేయించాలా?

ఎత్తు చూడండి. ఎక్కువ తిని, తక్కువ ఆడి లావెక్కిన పిల్లలు సాధారణంగా తోటివాళ్ల కంటే పొడుగ్గానే ఉంటారు. బరువు పెరుగుతూ ఎత్తు మాత్రం ఆగిపోయిందంటే అప్పుడు థైరాయిడ్, ఇతర హార్మోన్లు తప్పక చూపించాలి. ఎత్తు చక్కగా పెరుగుతుంటే కారణం హార్మోన్ అయ్యే అవకాశం చాలా తక్కువ.

మెడ వెనక నల్లబడింది. సున్నిపిండి పెట్టి ఎంత రుద్దినా పోవట్లేదు. ఎందుకు?

అది మురికి కాదు, రుద్దొద్దు. మెడ వెనక, చంకల్లో చర్మం నల్లగా, మందంగా, వెల్వెట్ గుడ్డలా మారితే ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి గుర్తు కావచ్చు. రుద్దితే చర్మం రేగి ఇంకా నల్లబడుతుంది. స్నానం సరిగా చేయడం లేదని పిల్లని తిట్టే ఇళ్లున్నాయి, ఆ బిడ్డ తప్పేమీ లేదు. బీఎంఐ ఎక్కువుండి మెడ నల్లబడితే షుగర్, బీపీ, కొలెస్ట్రాల్, లివర్ పరీక్షలు చేయించండి. బరువు అదుపులోకి వస్తే చర్మం రంగు కూడా నెమ్మదిగా తేటబడుతుంది.

మా అమ్మాయి వెయిట్‌లిఫ్టింగ్ చేస్తుంది. అధిక బరువు అని రాశారు. ఆపించాలా?

ఆపొద్దు. బీఎంఐకి కండకీ కొవ్వుకీ తేడా తెలియదు. ఇది అర్థం చేసుకోవడానికి మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కంటే మంచి చోటు లేదు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరి ఆమదాలవలస దగ్గర పెరిగినావిడే. నెల్లిమర్ల పక్కన కొండవెలగాడలో ఇంటింటా లిఫ్టర్లే. ఇలా సాధన చేసే పిల్లల విషయంలో నడుం కొలత, బీపీ, ఆటలో దమ్ము చూడాలి. నడుం సన్నంగా ఉండి అంకె మాత్రమే ఎక్కువుంటే అది కండ బరువు. అయితే వారానికి రెండు రోజులు సరదాగా గ్రౌండ్‌కు వెళ్లే పిల్లలకు ఈ మాట వర్తించదు.

బీఎంఐ నార్మలే. పొట్ట మాత్రం ముందుకు వస్తోంది. పట్టించుకోవాలా?

పట్టించుకోవాలి. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పై అంచుకూ మధ్యలో, మామూలుగా ఊపిరి వదిలాక టేపు చుట్టి కొలవండి. నడుం కొలత ఎత్తులో సగం దాటకూడదు. 140 సెంటీమీటర్ల బాబుకు 70 లోపు ఉండాలి. ఆరేళ్లు దాటిన పిల్లలకు ఇది బాగా పనికొస్తుంది.

## అంకె తక్కువ వచ్చినప్పుడు

మా వంశమే సన్నం. నాన్నా, తాతా ఇలాగే ఉండేవారు. వదిలేయొచ్చా?

ఏటా తన గీత మీదే నడుస్తూ, చురుగ్గా ఆడుకుంటూ, ఎత్తు పెరుగుతుంటే వదిలేయొచ్చు. పదేళ్ల పిల్లలకు బీఎంఐ సుమారు 13.5 కంటే తగ్గితే మాత్రం వంశం అని సరిపెట్టుకోకూడదు. ఇంకో మాట. నాన్న, తాత సన్నంగా ఉండటానికి కారణం రక్తమే కాకపోవచ్చు, వాళ్లు చిన్నప్పుడు తిన్న కంచం కూడా కావచ్చు.

మా పాప పొట్టి. కానీ బీఎంఐ నార్మల్ అని రాశారు. అంటే ఇబ్బంది లేనట్టేనా?

ఇది ఎక్కువమంది పొరబడే చోటు. చిన్నప్పటి నుంచి తిండి చాలక, తరచూ జబ్బుపడి ఎదుగుదల గిడసబారిన పిల్లలకు ఎత్తూ తక్కువే, బరువూ తక్కువే. రెండూ కలిసి తగ్గడంతో భాగిస్తే అంకె చక్కగా వస్తుంది. అందుకే బీఎంఐ పక్కనే వయసుకు తగ్గ ఎత్తు కూడా చూడాలి. అయిదేళ్లు దాటాక ఈడు వచ్చేదాకా పిల్లలు ఏడాదికి అయిదారు సెంటీమీటర్లు పెరుగుతారు. నాలుగు కంటే తక్కువ పెరిగితే చూపించండి. ఇలాంటి పాపను బరువు పెంచుదామని నూనె, తీపి తినిపిస్తే లావవుతుందే గానీ పొడుగవదు. గుడ్డు, పాలు, పప్పు, చేప, ఆకుకూర కావాలి.

బీఎంఐ బాగుందంటే రక్తం కూడా బాగున్నట్టే కదా?

రెండింటికీ సంబంధం లేదు. లావుగా ఉన్న పిల్లల్లోనూ రక్తహీనత ఉంటుంది. ఆయాసం, కళ్లు తిరగడం, మట్టి, బలపం, పచ్చి బియ్యం తినాలనిపించడం ఉంటే హిమోగ్లోబిన్ చూపించండి. బడిలో వారానికోసారి ఇచ్చే ఐరన్ మాత్ర వేసుకోమనండి. చిన్నవాళ్లకు గులాబీ రంగుది, పదేళ్లు దాటినవాళ్లకు నీలం రంగుది. దొడ్డికి నల్లగా వెళ్తే కంగారొద్దు, అది మాత్ర వల్లే. పరగడుపున వేసుకుంటే వికారం వస్తుంది, భోజనం అయ్యాక వేసుకోవాలి. నులిపురుగుల నివారణ దినం నాడు ఇచ్చే ఆల్బెండజోల్ కూడా మానొద్దు.

బరువు పెరగడానికి టానిక్, ప్రోటీన్ పౌడర్ కొనమంటారా?

ఆ డబ్బు గుడ్లకు, పాలకు, పల్లీలకు పెట్టండి. డాక్టర్ ప్రత్యేకంగా రాస్తే తప్ప పౌడర్ డబ్బాలు అక్కర్లేదు, చాలావాటిలో పంచదారే ఎక్కువ. జిమ్‌లో ఎవరో ఇచ్చిన డబ్బా టీనేజ్ కుర్రాళ్లు అసలు ముట్టకూడదు.

## టీనేజ్‌లోకి వచ్చాక

పెద్దమనిషి అయ్యాక అమ్మాయి ఒక్కసారిగా లావైంది. మామూలేనా?

కొంతవరకు మామూలే. ఆ వయసులో ఆడపిల్లల తుంటి, తొడల దగ్గర కొవ్వు చేరాలి, అది ఎదుగుదలలో భాగం. దానికి తోడు మన ఇళ్లలో ఆ రోజుల్లో నువ్వులు, బెల్లం, నెయ్యి, మినప సున్నుండలు వరసగా పెడతారు, ఆట మాన్పించి కూర్చోబెడతారు. తిండి నాలుగు రోజుల ముచ్చట, పెట్టండి. ఆట మాన్పించడమే నష్టం. రజస్వల అయ్యాక ఎత్తు సాధారణంగా ఇంకో అయిదారు సెంటీమీటర్లే పెరుగుతుంది. అందుకే ఆ తర్వాత చేరిన బరువును ఎత్తు సర్దుకోలేదు. నెలసరి నెలల తరబడి రాకపోవడం, గడ్డం మీద వెంట్రుకలు, మొటిమలు, మెడ నలుపు కలిసి వస్తే పీసీఓఎస్ (ఆడపిల్లల్లో హార్మోన్ల తేడా వల్ల వచ్చే సమస్య) కోసం చూపించండి.

క్లాసులో అందరి ముందూ బరువులు చదివారు. మా వాడు బడికి వెళ్లనంటున్నాడు. ఏం చేయాలి?

బిడ్డ బాధ నిజమైనది, "ఇంతదానికేనా" అనకండి. కొలతలు ఒక్కొక్కరినీ పక్కకి పిలిచి తీసుకోవాలి, అంకె కాగితం మీద రాసి ఇవ్వాలి, పైకి చదవకూడదు. ఈ మాట హెడ్మాస్టర్ గారితో నెమ్మదిగా, కానీ గట్టిగా చెప్పండి. అడిగే హక్కు మీకుంది. ఇంట్లోనూ బండోడు, బొండం, పుల్ల, ఈనుపుల్ల లాంటి పిలుపులు ఆపండి. చుట్టాలు అన్నా అడ్డుపడండి. వెక్కిరింపు వల్ల ఎవరూ సన్నబడరు, చాటుగా తినడం, ఆటకు వెళ్లకపోవడం పెరుగుతాయి.

తొమ్మిదో తరగతి అమ్మాయి భోజనం దగ్గరికే రావడం లేదు. బీఎంఐ ఇంకా నార్మలే. ఆగొచ్చా?

ఆగొద్దు. అంకె పడేలోగా చాలా జరిగిపోతుంది. భోజనం తప్పించుకోవడం, తిన్న వెంటనే బాత్రూంకి వెళ్లడం, గంటకోసారి అద్దం చూడటం, నెలసరి ఆగిపోవడం, ఎప్పుడూ చలి అనడం కనిపిస్తే పిల్లల డాక్టర్‌కూ, మానసిక వైద్యులకూ చూపించండి. ఇది మొండితనం కాదు, జబ్బు, నయమవుతుంది. మగపిల్లల్లోనూ వస్తుంది.

ఇంటర్ హాస్టల్‌లో చేరాక బరువు బాగా పెరిగింది. చదువు అయ్యాక చూసుకోవచ్చా?

రెండేళ్లు చిన్న కాలం కాదు. పొద్దున్నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లు, ఆటస్థలం లేదు, ఆదివారం ఇంటి నుంచి వచ్చే జంతికలు, అరిసెలే ఓదార్పు. చూడ్డానికి వెళ్లినప్పుడు స్వీట్ల డబ్బా బదులు పళ్లు, వేయించిన శనగలు పట్టుకెళ్లండి. రోజుకు అరగంట నడకకైనా వదలమని వార్డెన్‌ను అడగండి, నలుగురు తల్లిదండ్రులు కలిసి అడిగితే ఇంకా మంచిది.

ఏ వయసు నుంచి పెద్దవాళ్ల లెక్క చూసుకోవచ్చు?

ప్రపంచ ఆరోగ్య సంస్థ చార్టు 19 ఏళ్ల దాకా ఉంటుంది, మన దేశపు చార్టు 18 దాకా. ఆ తర్వాత పెద్దవాళ్ల లెక్కే. మనవాళ్లకు 18.5 నుంచి 23 లోపు సరిపోయిన బరువు, 25 దాటితే ఊబకాయం అని మన డాక్టర్లు చూస్తారు (పిల్లల చార్టులో ఊబకాయం గీత మాత్రం 27తో కలుస్తుంది).

## డాక్టర్ దగ్గరికి

ఎప్పుడు అస్సలు ఆలస్యం చేయకూడదు?

విపరీతమైన దాహం, మాటిమాటికీ ఒంటికి వెళ్లడం, తింటున్నా చిక్కిపోవడం కలిసి కనిపిస్తే అదే రోజు షుగర్ చూపించాలి, పిల్లల్లో వచ్చే షుగర్ రోజుల్లోనే ప్రాణం మీదకు తెస్తుంది. రెండు వారాలు దాటిన దగ్గు లేదా జ్వరంతో బరువు తగ్గుతుంటే టీబీ పరీక్ష చేయించాలి. లావుగా ఉన్న పిల్లలు రాత్రి గట్టిగా గురకపెట్టి మధ్యలో ఊపిరి ఆగినట్టయినా, తుంటి లేదా మోకాలి నొప్పితో కుంటుతున్నా వెంటనే చూపించండి.

డబ్బు ఖర్చు లేకుండా ఎక్కడ చూపించొచ్చు?

మొదట మీ పీహెచ్‌సీ. బడికి, అంగన్‌వాడీకి వచ్చే ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) బృందం 2013 నుంచి ఉన్న పథకం కింద పనిచేస్తుంది. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా పిల్లల్ని పరీక్షించి, అవసరమైతే పై ఆసుపత్రికి పంపడం వాళ్ల బాధ్యత, కాగితం అడిగి తీసుకోండి. శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వ ఆసుపత్రుల్లో పిల్లల విభాగాలున్నాయి.

ఎన్నాళ్లకోసారి కొలవాలి? వెళ్లేటప్పుడు ఏం పట్టుకెళ్లాలి?

అయిదేళ్ల లోపు పిల్లలకు అంగన్‌వాడీలో నెలనెలా. ఆపైన మామూలుగా ఎదుగుతుంటే ఆరు నెలలకోసారి, బరువు గురించి చూపించుకుంటుంటే మూడు నెలలకోసారి. తేదీ, ఎత్తు, బరువు మూడూ ఒకే నోటుబుక్కులో రాయండి. పట్టుకెళ్లాల్సినవి ఆ పుస్తకం, పాత హెల్త్ కార్డులు, అసలు పుట్టిన తేదీ, అమ్మానాన్నల ఎత్తులు, ఇంట్లో షుగర్ గానీ థైరాయిడ్ గానీ ఎవరికుందో ఆ వివరం. ఆడపిల్ల అయితే మొదటి నెలసరి ఏ నెలలో వచ్చిందో కూడా రాసుకెళ్లండి, డాక్టర్ తప్పకుండా అడుగుతారు.